మ్యూజిక్ కోసం మాక్రో కీబోర్డ్, మౌస్ కొనేముందు జాగ్రత్త: మాక్రో ఎక్కడ సేవ్ అవుతుందో ముందే అడగండి

మ్యూజిక్ ప్రొడక్షన్ కోసమే తయారు చేశామని చెప్పి అమ్ముతున్న మాక్రో కీబోర్డ్, మౌస్ సెట్ కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. మాక్రో అంటే ఒక్క కీ నొక్కితే వరసగా జరిగిపోయే కీస్ట్రోకుల గుంపు. నేను కొన్న సెట్‌లో కీలు బాగున్నాయి, మౌస్ చేతికి హాయిగా ఉంది, లైట్లన్నీ వెలిగాయి. ఏ పని కోసం కొన్నానో ఆ పని మాత్రం జరగలేదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే తరహా సరుకు రకరకాల పేర్లతో వస్తోంది కాబట్టి ఒక్క పేరు గుర్తుపెట్టుకుని తప్పించుకుంటే సరిపోదు. ఏం చూడాలో తెలియాలి.

ప్రకటనలో ప్రతి కీ ప్రోగ్రామ్ చేసుకోవచ్చని, ఆన్‌బోర్డ్ మెమరీ (పరికరం లోపలే సెట్టింగ్‌లు దాచుకునే చోటు) ఉందని స్పష్టంగా రాశారు. నా కంప్యూటర్‌లో అన్నీ సెట్ చేసుకున్నాను. ట్రాక్ డూప్లికేట్ చేసి, పేరు మార్చి, రంగు వేసే మాక్రో ఒకటి, స్టెమ్స్ (పాటలోని భాగాలు విడివిడి ఫైళ్లుగా) ఎక్స్‌పోర్ట్‌కి ఒకటి, వోకల్ టేకుల (ఒకే గానం మళ్లీ మళ్లీ రికార్డ్ చేసినవాటి) మధ్య తిరగడానికి కొన్ని. తర్వాత ఒక రికార్డింగ్ సెషన్ కోసం వేరే స్టూడియోకి తీసుకెళ్లి అక్కడి కంప్యూటర్‌కి తగిలించాను. లైట్లు నేను పెట్టిన రంగులోనే వెలిగాయి, మౌస్ స్పీడు కూడా అదే. మాక్రోలు మాత్రం ఒక్కటీ లేవు. ఆ ఆన్‌బోర్డ్ మెమరీలో దాచేది లైట్ల రంగు, మౌస్ డీపీఐ (కర్సర్ వేగం) లాంటి సెట్టింగ్‌లేనట, మాక్రోలు కాదట. మాక్రోలన్నీ నా ఇంటి కంప్యూటర్‌లోని కంపెనీ యాప్‌లో ఉండిపోయాయి. అక్కడి ఇంజనీర్ సెషన్ మెషీన్‌లో కొత్త యాప్ వేయనివ్వలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, పని నడుస్తున్న మెషీన్‌లో ఎవరి యాప్ పడితే వాళ్ల యాప్ ఎవరూ వేయనివ్వరు.

ఇక్కడ తేడా అర్థం చేసుకోవాలి. కొన్ని కీబోర్డుల్లో మాక్రో లోపలి కంట్రోలర్ చిప్‌లోనే రాసి ఉంటుంది. కీ నొక్కగానే ఆ చిప్పే కీస్ట్రోకులన్నీ పంపుతుంది. కంప్యూటర్ దృష్టిలో అది మామూలు యూఎస్‌బీ కీబోర్డే, ఎక్కడ తగిలించినా పనిచేస్తుంది. రెండో రకంలో కీ నొక్కితే ఒక సంకేతం యాప్‌కి వెళ్తుంది, మిగతా టైపింగంతా యాప్ చేస్తుంది. యాప్ లేకపోతే ఆ కీలో ఏమీ లేదు. అట్ట పెట్టె మీద ఈ రెండు రకాలకీ ఒకే వివరణ ఉంటుంది. అందుకే అమ్మేవాళ్లని సూటిగా అడగండి: యాప్ లేని కంప్యూటర్‌కి తగిలిస్తే నా మాక్రో పనిచేస్తుందా? మౌస్ గురించి ఇదే ప్రశ్న విడిగా అడగండి. సెట్‌గా అమ్మినా రెండింటి మెమరీ ఒకే తీరుగా ఉండాలని లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ యాప్. లాగిన్ అడిగింది, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ తానే మొదలైంది, వెనక నడుస్తూనే ఉంది. ఆ తర్వాత రికార్డింగ్‌లో చిటపటలు మొదలయ్యాయి. ముందు ఆడియో ఇంటర్‌ఫేస్‌ని (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అనుమానించాను, కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను. చివరికి ఆ యాప్ పూర్తిగా మూసేస్తే శబ్దం ఆగింది. ఇందులో వింతేమీ లేదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దం ముక్క) అంటే కంప్యూటర్ చేతిలో ఉండే సమయం 2.7 మిల్లీసెకన్ల లోపే. 64 పెడితే అందులో సగం. ఆ కాస్త సమయంలో లైట్ల యాప్ డ్రైవరో, సెన్సర్లను చదివే సర్వీసో ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటే ఆడియో బఫర్ ఖాళీ అయిపోయి చిటుక్కుమంటుంది. విండోస్‌లో అయితే లేటెన్సీమాన్ అనే టూల్ నడిపి చూడండి, ఏ డ్రైవర్ ఎంతసేపు అడ్డుపడుతోందో చూపిస్తుంది. నా విషయంలో చివరికి మిగిలింది ఏమిటంటే, యాప్ నడిస్తే ఆడియో పాడవుతుంది, యాప్ ఆపితే మాక్రోలు ఉండవు. మ్యూజిక్ కోసం అని రాసి అమ్మిన వస్తువు ఇలా ఉండడం అన్యాయం.

8000 హెర్ట్జ్ పోలింగ్ రేటు ఉందని గొప్పగా చెప్పే మోడళ్ల విషయంలోనూ జాగ్రత్త. అది మౌస్ కదులుతున్నంతసేపూ సెకనుకు 8000 సార్లు ప్రాసెసర్‌ని పలకరించడం. ఆటలు ఆడేవాళ్లకి ఉపయోగమేమో గానీ, ప్లగిన్‌లతో (శబ్దానికి ఎఫెక్టులు, వాయిద్యాలు జోడించే చిన్న ప్రోగ్రామ్‌లు) నిండిపోయిన ప్రాజెక్ట్ మీద అది అదనపు భారం. 1000 హెర్ట్జ్ అంటే మిల్లీసెకనుకి ఒకసారి. ఎడిటింగ్‌కి అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

కీబోర్డ్ మూలన ఉన్న నాబ్ సంగతి. దానితో పాన్, ఈక్యూ, ఫిల్టర్ లాంటి శబ్దం సెట్టింగ్‌లు తిప్పుకోవచ్చన్నట్టు ఫోటోలు పెట్టారు. నిజానికి అది పంపేది వాల్యూమ్ పెంచు, తగ్గించు అనే మీడియా కీలు. అది సిస్టమ్ వాల్యూమ్‌ని కదుపుతుంది తప్ప డీఏడబ్ల్యూ (పాట రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) లోని ఫేడర్‌ని (ట్రాక్ వాల్యూమ్ సరిచేసే జారుడు బటన్) కాదు. కొన్ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లు తగిలించాక ఆ సిస్టమ్ వాల్యూమ్ కూడా కదలదు. ఫిల్టర్ లాంటిది తిప్పాలంటే మిడి (సంగీత పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) కంట్రోల్ ఛేంజ్ కావాలి, అంటే 0 నుంచి 127 దాకా విలువలు పంపగలగాలి. కాబట్టి ఇది డీఏడబ్ల్యూ సెట్టింగ్స్‌లో మిడి పరికరంగా కనిపిస్తుందా అని అడగండి. కనిపించకపోతే ఆ నాబ్ కోసం అదనపు డబ్బు ఇవ్వకండి. ఇప్పటికే కొన్నవాళ్లు నాబ్‌ని మౌస్ స్క్రోల్‌గా మార్చుకునే వీలుందేమో చూడండి. చాలా ప్లగిన్‌లలో బొత్తాం మీద కర్సర్ పెట్టి స్క్రోల్ చేస్తే విలువ మారుతుంది. మిడి అంత నాణ్యంగా ఉండదు కానీ పని జరుగుతుంది.

అసలు మీ డీఏడబ్ల్యూకి మాక్రో కీబోర్డ్ ఎంతవరకు అవసరమో కూడా ఆలోచించండి. రీపర్ వాడేవాళ్లు యాక్షన్ లిస్ట్‌లో ఎన్నో పనులు కలిపి ఒక్క కస్టమ్ యాక్షన్‌గా చేసి ఏదో ఒక కీకి ఇచ్చుకోవచ్చు. క్యూబేస్‌లో కీ కమాండ్స్ విండోలోనే మాక్రోలు తయారుచేసుకునే వీలుంది. లాజిక్ ప్రోలో కీ కమాండ్స్ దాదాపు అన్నీ మార్చుకోవచ్చు. వీళ్లకి కీబోర్డ్ లోపల పెద్ద తెలివి అక్కర్లేదు, ఖాళీగా ఉండే కీలు కొన్ని ఉంటే చాలు. ఏబుల్టన్ లైవ్ వాడేవాళ్ల పరిస్థితి వేరు. అందులో కీ మ్యాప్ మోడ్‌తో తెర మీద ఉన్న బటన్‌లకి కీలు ఇచ్చుకోవచ్చు గానీ, మెనూల్లో ముందే ఉన్న షార్ట్‌కట్‌లని మార్చలేం. కాబట్టి మాక్రో కీబోర్డ్ వల్ల నిజమైన లాభం లైవ్ వాడేవాళ్లకే ఎక్కువ, దెబ్బ తగిలినా వాళ్లకే ఎక్కువ.

నా సలహా ఏమిటంటే, తెలివంతా డీఏడబ్ల్యూలో పెట్టండి, కీబోర్డ్ నుంచి ఎవరూ వాడని కీ ఒక్కటి వెళ్తే చాలు. యూఎస్‌బీ కీబోర్డ్ ప్రమాణంలో ఎఫ్12తో కీలు ఆగిపోవు, ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా కూడా ఉన్నాయి. మామూలు కీబోర్డుల మీద అవి కనిపించవు కాబట్టి వేరే షార్ట్‌కట్‌లతో గొడవ చాలా తక్కువ. విండోస్ వాటన్నిటినీ గుర్తిస్తుంది. మ్యాక్‌లో ఎఫ్19 దాకా నమ్మకంగా వాడుకోవచ్చు, యాపిల్ పెద్ద కీబోర్డుల మీదే అక్కడిదాకా ఉంటాయి. మీ డీఏడబ్ల్యూ వాటిని తీసుకుంటుందో లేదో ఒక్కసారి చూసుకోండి. మీరు చూస్తున్న కీబోర్డ్‌లో ఈ కీలు పెట్టుకునే వీలే లేకపోతే నేనైతే దాన్ని పక్కన పెట్టేస్తాను.

పొడవాటి మాక్రోలు పెట్టుకోవాల్సి వస్తే రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి వేగం. మెనూ తెరుచుకునేలోపే తర్వాతి కీ వచ్చేస్తే డీఏడబ్ల్యూ దాన్ని అందుకోదు, మిగతా కీలన్నీ వేరే చోట పడతాయి. ప్రాజెక్ట్ బరువెక్కేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. అందుకే కీకి కీకి మధ్య మిల్లీసెకన్లలో గ్యాప్ పెట్టే సౌకర్యం తప్పనిసరిగా ఉండాలి. నా సెట్‌లో అది మౌస్‌కి ఉంది, కీబోర్డ్‌కి లేదు. రెండోది ఫోకస్. ప్లగిన్ విండో ముందుంటే కీలు దానికే వెళ్లిపోవచ్చు. లైవ్‌లో కంప్యూటర్ మిడి కీబోర్డ్ ఆన్‌లో ఉంటే విడి అక్షరాలు స్వరాలుగా మోగుతాయి. అలాంటప్పుడు మాక్రోలో ఒంటరి అక్షరం ఉంటే మీ టేక్‌లో ఒక తప్పుడు నోట్ రికార్డ్ అయిపోతుంది. డిలీట్, ఓవర్‌రైట్ లాంటివి మాక్రోలో ఎప్పుడూ పెట్టకండి.

భాష లేఅవుట్ విషయం చాలామంది పట్టించుకోరు. కీబోర్డ్ పంపేది అక్షరాన్ని కాదు, కీ స్థానాన్ని. ఏ అక్షరమో నిర్ణయించేది కంప్యూటర్‌లో ఎంచుకున్న లేఅవుట్. ట్రాక్ పేర్లు తెలుగులో రాసుకుని లేఅవుట్ మార్చడం మర్చిపోతే, పేరు టైప్ చేసే మాక్రో మొత్తం గజిబిజి అయిపోతుంది.

మౌస్ దగ్గరికి వద్దాం. బొటనవేలి దగ్గర డజను బటన్‌లు ఉన్నది నేను తీసుకున్నాను. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆటోమేషన్ (వాల్యూమ్ లాంటివి పాటలో ఎక్కడ ఎంత మారాలో చూపే గీత) గీస్తూ ఆ బటన్ నొక్కితే ఆ ఒత్తిడికి మౌసే కాస్త జరుగుతుంది, గీత చెడుతుంది. బటన్‌లు తక్కువగా, గట్టి నొక్కుడు అవసరం లేనివిగా ఉంటే మేలు. నా అనుభవంలో రెండు మూడు సైడ్ బటన్‌లు, పక్కకి వంగే చక్రం, నొక్కి పట్టుకుంటే డీపీఐ తగ్గే బటన్ ఒకటి ఉంటే ఎడిటింగ్‌కి సరిపోతుంది. ఆగకుండా తిరిగే చక్రం టైమ్‌లైన్ మీద ఎంతో హాయి. కాకపోతే అది తిరుగుతుండగా కర్సర్ ఏదైనా ఫేడర్ మీదకి వెళ్తే ఆ విలువ ఎక్కడికో పోతుంది, మిక్స్‌లో ఏం మారిందో కూడా తెలియదు. చక్రానికి లాక్ ఉన్నదే తీసుకోండి.

వైర్‌లెస్ తీసుకునేవాళ్లకి ఒక మాట. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు, డ్రైవుల నుంచి వచ్చే రేడియో శబ్దం 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకి అడ్డుపడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. శాంపిల్ లైబ్రరీలున్న ఎస్‌ఎస్‌డీ పక్కనే మౌస్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్) పెడితే కర్సర్ ఆగి ఆగి కదులుతుంది. డాంగిల్‌ని ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెడితే చాలావరకు తగ్గుతుంది. మౌస్ పాడైందనుకుని వెనక్కి పంపేముందు ఇది చేసి చూడండి.

మైక్ ఉన్న గదిలోనే కూర్చుని పనిచేసేవాళ్లు క్లిక్‌మని మోగే బ్లూ తరహా స్విచ్‌లు అసలు తీసుకోకండి. శబ్దం తక్కువ చేసే సైలెంట్ లీనియర్ స్విచ్‌లు అడగండి. మౌస్ క్లిక్ శబ్దం కూడా విని చూడండి, పంచ్ ఇన్ చేసే (పాట నడుస్తుండగా మధ్యలో రికార్డింగ్ మొదలుపెట్టే) క్షణంలో అది రికార్డింగ్‌లో పడుతుంది.

తక్కువ ధరకి దొరికే మూడు కీలు, ఒక నాబ్ ఉన్న చిన్న ప్యాడ్‌లు కూడా నాకు కొందరు సూచించారు. వాటిలో చాలావాటి లోపల సీహెచ్552 లాంటి చవక చిప్ ఉంటుంది. చిప్ మంచిదే, మాక్రో దానిలోనే సేవ్ అవుతుంది. చిక్కంతా సాఫ్ట్‌వేర్‌తో. ఎవరిదో తెలియని స్టోరేజ్ లింక్ నుంచి జిప్ ఫైల్ దింపుకోమంటారు, యాంటీవైరస్ అరిస్తే దాన్ని ఆపేయమంటారు. మీ ప్రాజెక్టులు, క్లయింట్ల పాటలు, పాస్‌వర్డులు ఉన్న మెషీన్‌లో అలాంటిది నడపకండి. మ్యాక్‌లో 2019 నాటి కాటలినా నుంచి ఇలాంటి యాప్‌లు ఇన్‌పుట్ మానిటరింగ్ అనుమతి అడగాల్సి వస్తోంది. అది ఇచ్చారంటే మీరు నొక్కే ప్రతి కీని ఆ యాప్ చూడగలదు. ఇచ్చేముందు ఎవరికి ఇస్తున్నారో ఆలోచించండి.

దీనికి బదులుగా క్యూఎంకే ఫర్మ్‌వేర్‌తో (కీబోర్డ్ లోపల నడిచే ప్రోగ్రామ్), వయా (కీలు మార్చుకునే టూల్) సపోర్ట్ ఉన్న కీబోర్డ్‌లు వెతకండి. క్యూఎంకే ఓపెన్ సోర్స్. వయా క్రోమ్ లాంటి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, లాగిన్ అడగదు, చేసిన మార్పులు నేరుగా కీబోర్డ్‌లో రాసేస్తుంది. ఆ తర్వాత బ్రౌజర్ మూసేసినా, కీబోర్డ్ ఇంకో కంప్యూటర్‌కి మార్చినా మాక్రో దానితోనే వస్తుంది. వయా సపోర్ట్ ఉందని ఊరికే రాసి, అడిగితే వయాకి ఆ కీబోర్డ్‌ని పరిచయం చేసే ఫైల్ పంపుతాం అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ ఫైల్ కొనకముందే పంపమనండి.

నా సెట్ వెనక్కి ఇస్తానంటే అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. హార్డ్‌వేర్ బాగానే ఉంది, ఇది సాఫ్ట్‌వేర్ విషయం అన్నారు. ఆన్‌బోర్డ్ మెమరీ అన్న ప్రకటన చూపిస్తే, మెమరీ ఉంది కదా అన్నారు. మాటల్లో అడిగినవి ఏవీ లెక్కలోకి రాలేదు. అందుకే మీరు అడిగే ప్రశ్నలు చాట్‌లోనో మెయిల్‌లోనో అడగండి, జవాబు రాతలో తీసుకోండి. పెట్టె తెరిచిన రోజే ఒక మాక్రో సేవ్ చేసి, యాప్ లేని మరో కంప్యూటర్‌కి తగిలించి, నొక్కి చూస్తున్నది వీడియో తీసుకోండి. లైట్లు, శబ్దం, చేతికి ఎలా ఉందో తర్వాతైనా చూసుకోవచ్చు. రిటర్న్ గడువు ముగియకముందే తేలాల్సింది ఈ ఒక్కటి.

ఇప్పటికే నాలాంటి సెట్ కొన్నవాళ్లు యాప్‌లో మాక్రో కాకుండా మామూలు కీ మార్పు డివైస్‌లో సేవ్ అవుతుందేమో వెతకండి. నా కీబోర్డ్‌లో మాక్రోలు సేవ్ కాలేదు గానీ కీ మార్పులు అయ్యాయి. పక్కనున్న కీలకి ఎఫ్13 నుంచి వరసగా ఇచ్చి, యాప్ తీసేసి, చేయాల్సిన పనులన్నీ డీఏడబ్ల్యూలోనే ఆ కీలకి కట్టాను. ఆ కీబోర్డ్‌ని ఇప్పుడు వాడుతున్నది అలాగే, చిటపటలు కూడా లేవు. మౌస్‌కి ఆ అవకాశం లేదు, దాన్ని మామూలు మౌస్‌లాగే వాడుతున్నాను.