ఆటో స్టార్టరా, చెరువు నీరటా? బ్యాక్టీరియాకు ఏది మేలు?

మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఫ్లోరైడ్ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు ఎందరి మోకాళ్లను వంచాయో చూస్తూనే పెరిగాం. ఆ ఫ్లోరైడ్ బ్యాక్టీరియాకూ విషమే. కాకపోతే చాలా వాటి దగ్గర దాన్ని బయటికి పంపే చానల్ ప్రోటీన్ ఉంటుంది. అవసరమైనప్పుడే దాన్ని తయారు చేసుకోవడం ఎట్లా అన్నదే అసలు కిటుకు.

బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా దీనికి రైబోస్విచ్‌ను, అంటే ఆర్‌ఎన్‌ఏతోనే తయారైన స్విచ్‌ను వాడుతుంది. 2012లో యేల్ విశ్వవిద్యాలయంలోని రోనాల్డ్ బ్రేకర్ బృందం ఈ ఫ్లోరైడ్ స్విచ్ సంగతి బయటపెట్టింది. జన్యువు నుంచి తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏ మొదటి ముక్కే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ లేకపోతే తయారీ మధ్యలోనే ఆగిపోతుంది, ఉంటే చివరిదాకా సాగి చానల్ వస్తుంది. విచిత్రమేమిటంటే ఆర్‌ఎన్‌ఏదీ ఋణావేశమే, ఫ్లోరైడ్‌దీ ఋణావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకోవాల్సిన ఈ రెంటినీ మధ్యలో మూడు మెగ్నీషియం అయాన్లు చేరి కలుపుతాయి. బోరు దగ్గరి ఆటో స్టార్టర్ లాంటిదే ఇది: కరెంటు వచ్చిందా, మోటారు నడిచింది. మనిషితో పనిలేదు.

ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియాలో కణపొరను కాపాడే సీపీఎక్స్ వ్యవస్థ తీరు వేరు. ఇది ఫ్లోరైడ్ కోసమని ఉన్నది కాదు, పొర బాగోగులు చూసేది. ఇది చెరువు కట్ట మీద తిరిగే నీరటి. లోపలి పొరలో సీపీఎక్స్-ఏ అనే సెన్సార్ ఉంటుంది. పొర దగ్గర సరిగ్గా మడతపడని ప్రోటీన్లు పేరుకుంటే అది మేల్కొని, జన్యువులను నడిపే సీపీఎక్స్-ఆర్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ అందించి పనిలోకి దింపుతుంది. ఇక అక్కడి నుంచి ఆర్డర్లే ఆర్డర్లు. బయటి పొరలో ఓంప్-ఎఫ్ అనే వెడల్పు రంధ్రాలు తగ్గుతాయి, అంటే తూము మూసినట్టు. చెడిన ప్రోటీన్లను కోసేసే డెగ్-పీ పెరుగుతుంది. విషాలను బయటికి తోడే కొన్ని పంపుల జన్యువులూ జోరందుకుంటాయి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు నీరటికే. గండి ఎక్కడ పడ్డా చూసుకుంటాడు, ఏ వాన వల్ల పడిందని అడగడు. స్టార్టర్‌కు ఫ్లోరైడ్ తప్ప ఇంకేదీ పట్టదు.

అట్లాగని నీరటికి లోపాలు లేవని కాదు. సీపీఎక్స్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోయిన ఈ.కోలై సరిగా ఎదగదు. తూము మూసే ఉంచితే పొలం ఎండదా మరి! పైగా ఫ్లోరైడ్ అసలు దెబ్బ కొట్టేది పొర మీద కాదు, కణం లోపల ఎనోలేజ్ లాంటి ఎంజైముల మీద. దెబ్బ లోపల పడితే కట్ట మీద ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది?

మన అవసరం వేరు, మనకు పనికొచ్చేది స్టార్టరే. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ బాసిల్లస్ స్విచ్‌నే ట్యూబులో పెట్టి, ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పోస్తే పసుపు రంగు వచ్చేట్టు చేశారు. కోస్టారికాలో పరీక్షించి చూశారు కూడా. లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటితే పట్టేస్తుంది. మన తాగునీటికి గరిష్ఠ హద్దు మాత్రం 1.5. ఆ అర మిల్లీగ్రాము కూడా అందుకోగలిగితే నల్గొండ బోర్ల దగ్గర పనికొస్తుంది.