తోక చూపించిన మాంసం దుకాణం

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చి మూడు నెలలైంది. ఈ దుకాణంలో ఇప్పటికి ఆరుసార్లు పంది మాంసం కొన్నాను. కృష్ణా జిల్లాలో 31 ఏళ్లు పశువైద్యుడిగా పనిచేసినవాణ్ణి. అందుకే రుచి సంగతి తర్వాత, ముందు పంది సంగతి చెప్పాలి.

మొదటిరోజు అద్దాల బీరువాలో, చాప్స్ పక్కన ఒక చిన్న అట్ట కనిపించింది. ప్రొపొజిషన్ 12 ప్రకారం పెంచినవని రాసి ఉంది. 2018 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన చట్టం అది. ఇక్కడ అమ్మే పంది మాంసం ఏ రాష్ట్రం నుంచి వచ్చినా సరే, ఆ పందిని ఈనిన తల్లికి కనీసం 24 చదరపు అడుగుల చోటు ఉండాలి, అది అటూ ఇటూ తిరగగలగాలి. పెంపకందారుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2023 మేలో కోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది.

24 చదరపు అడుగులంటే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న మంచమంత చోటు. అది కూడా ఒక చోటేనా అనిపించవచ్చు. కానీ చాలా ఫారాల్లో సూడి పందులకు వాడే ఇనుప గూడు రెండడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు మాత్రమే. సూడి పందిని అందులో నిలబెడితే లేవగలదు, పడుకోగలదు, వెనక్కి తిరగలేదు. పంది చూలు 114 రోజులు. ఈనే ముందు నుంచి పిల్లలు పాలు మరిచేదాకా మరో గూడు, ఆ వెంటనే మళ్లీ చూలు.

ఉద్యోగంలో ఉండగా ఒక పెద్ద ఫారంలో ఆ గూళ్ల వరుస చూశాను. ఒక పంది ఎదురుగా ఉన్న కడ్డీని ఆపకుండా కొరుకుతోంది. ఆ కడ్డీకి రంగంతా పోయి, దాని నోరు అందే జానెడు మేర మాత్రం వెండిలా మెరుస్తోంది. నోటి నుంచి నురుగు కారుతోంది. పక్కది ఆ రాత్రి ఈనేలా ఉంది. పంది ఈనే ముందు గడ్డీ గాదమూ పోగుచేసి గూడు కట్టుకుంటుంది. అక్కడ గడ్డిపోచ లేదు. అది ముందుకాలితో ఉత్త సిమెంటు నేలనే గీరుతోంది. నేను టీకాలు వేసి వచ్చేశాను. యజమానికి ఒక్క మాటైనా చెప్పలేదు. ఈ రోజుకీ అది నన్ను బాధపెడుతుంది.

ఈ చట్టం తల్లి పంది చోటు గురించే మాట్లాడుతుంది. మన పళ్లెంలోకి వచ్చే పంది తాను ఎలా పెరిగిందో ఆ అట్ట చెప్పదు. అందుకే కౌంటరు దగ్గరున్న పెద్దాయనను తోక చూపించమని అడిగాను. ఆయన ఆశ్చర్యపోలేదు. చల్లగది తలుపు తీసి, నిలువునా చీల్చి వేలాడదీసిన పందిలో తోక ఉన్న సగాన్ని నా వైపు తిప్పారు. తోక పూర్తిగా ఉంది. చివరికి సన్నబడింది, ఎక్కడా గాటు లేదు.

తోక ఎందుకంటారా? పంది రోజంతా ముట్టెతో నేల తవ్వుతూ, దేన్నో ఒకదాన్ని నములుతూ ఉండే జంతువు. గడ్డి, మట్టి లేని చోట కిక్కిరిసి పెంచితే ఒకదాని తోక మరొకటి కొరుకుతుంది. ఆ పుండు చీము పట్టి వెన్నుదాకా పాకుతుంది. దానికి చాలా ఫారాలు కనిపెట్టిన విరుగుడు, పుట్టిన కొద్ది రోజులకే మత్తు కూడా ఇవ్వకుండా తోక కత్తిరించడం. ఐరోపా యూనియన్ దీన్ని అలవాటుగా చేయకూడదని నిషేధించినా అక్కడి చాలా దేశాల్లో ఇంకా సాగుతూనే ఉంది. స్వీడన్, ఫిన్లాండ్ రైతులు మాత్రం తోకలతోనే పెంచుతున్నారు. నిండు తోక ఉందంటే ఆ పందికి చోటు, గడ్డి దొరికి ఉంటాయనే నా అనుభవం చెబుతుంది. ఉత్తరాన ఒక కుటుంబం గడ్డి పరుపు మీద పెంచి వారానికి రెండు పందులు పంపుతుందని పెద్దాయన చెప్పారు.

ఇక సాసేజీలు. వాటిలోకి కైమా బయటి నుంచి వస్తుందట. కైమాకు ఈ చట్టం వర్తించదు. అడగ్గానే దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. అయినా ఈ సమీక్షలో దుకాణానికి ఒక నక్షత్రం తగ్గించింది అందుకే. పక్కపక్కనే పెట్టి అమ్ముతూ చాప్స్ దగ్గర మాత్రమే అట్ట పెడితే, కొనేవాళ్లు అన్నీ ఒకటే అనుకుంటారు.

చాప్స్ పౌను 14 డాలర్లు, పెద్ద దుకాణాల కంటే బాగా ఎక్కువ. మేం వారానికి రెండుసార్లు తినేది ఒకసారికి తగ్గించాం. కొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటుంది. మా కోడలు తోలుతో ఉన్న పొట్ట ముక్కలకు అల్లం వెల్లుల్లి, ధనియాలు, దంచిన మిరియాలు పట్టించి సన్నని సెగ మీద వేపుతుంది. ముక్కలోంచి ఊరే నెయ్యి చాలు, వేరే నూనె అక్కర్లేదు.

పందులు శుక్రవారం వస్తాయి. తోలుతో ఉన్న ముక్కలు కావాలంటే శనివారం పదిలోపు వెళ్లండి, ఆ తర్వాత మిగలవు. సోమవారం సెలవు.