ఏడుపడవల దేశంలో నాలుగు గంటలు, 350 రూపాయలు

పదో తరగతి పరీక్షలయ్యాక మా వాడు రెండు వారాలు ప్రాణం తీశాడు. సరేనని ఆదివారం మధ్యాహ్నం విశాఖ సిరిపురంలో ఒక కేఫ్ మేడమీద ఆడించే కథల ఆటకి తీసుకెళ్లాను. వాణ్ని దింపేసి బీచ్ రోడ్డులో కాసేపు నడుద్దామని నా ఆలోచన. "ఆంటీ, ఒకరు తక్కువయ్యారు, మీరూ కూర్చోండి" అన్నాడు ఆట నడిపే అబ్బాయి. మనిషికి 350. అందులోనే ఒక కాఫీ. కాఫీ గురించి చెప్పడానికేమీ లేదు.

1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లకి తలా ఒక వేషం. గోడ దూకుతానంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, ఒకటి పడితే నడుం విరిగినట్టు. నాకు పొట్టి కమ్మరి వేషమిచ్చారు. డ్వార్ఫ్ అట.

కథ జరిగే దేశం ఆ అబ్బాయి సొంతంగా అల్లుకున్నదే. పేరు ఏడుపడవలు. నాకు మొదట ఏడుపే వినిపించింది. ఇంగ్లీషు మాయకథల్లోని ఎల్ఫులు, ఆర్కులు, డ్వార్ఫులు, రెక్కలవాళ్లు, ఇలా ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న ఏడు జాతులు ఎవరికీ అక్కర్లేని రాతి దీవి మీద దిగి దేశం కట్టుకున్నాయి. మ్యాపు చేత్తో గీశాడు. రేవు పక్కన కొండ అచ్చం మన డాల్ఫిన్స్ నోసే. అడిగితే నవ్వేశాడు.

మొదటి గంటన్నర శుద్ధ దండగ. గుహ, కత్తులు, మళ్లీ గుహ. ఆర్కు అంటే కోపం, డ్వార్ఫ్ అంటే పిసినారితనం. నా కాగితం మీద కూడా అదే రాసుంది, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో. ఏడు జాతులూ తినేది ఒకటే రొట్టె!

తర్వాత సంతలో బొగ్గులు కొనాల్సి వచ్చింది. నా సంచిలో పాత దేశం నాణేలు నలభై ఉన్నాయి. "బాబూ, ఈ డబ్బు ఇక్కడ చెల్లుతుందా?" అని అడిగాను.

ఎందుకడిగానంటే, మాది కంచరపాలెం బర్మా క్యాంపు, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల పేట. బర్మాలో 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు లాక్కుని, యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. రంగూన్‌లో మా తాతయ్య కూడబెట్టినదంతా చిత్తుకాగితాలైంది. ఒక నోటు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఓడ దిగేసరికి నాన్నకి పన్నెండేళ్లు. "నాకు తెలుగొచ్చు, ఇక్కడి పిల్లలకే నా తెలుగు రాలేదు" అంటారు. కొబ్బరిపాలతో చేసే బర్మా నూడుల్స్, ఖౌస్వే మాత్రం మా ఇంట్లో ఇంకా వండుతాం.

ఆ అబ్బాయి పాచికలు అరచేతిలో తిప్పుతూ కాసేపు ఆలోచించాడు. "చెల్లదాంటీ. ఎవరి డబ్బూ చెల్లదు. కరిగించి తూకానికి తీసుకుంటారు."

కరిగించాల్సింది కమ్మరి. అంటే నేనే. ఆర్కు వేషంలో ఉన్న మా వాడు, తమ రాణి బొమ్మున్న నాణెం ముట్టుకోనివ్వనని అడ్డం పడ్డాడు. పాచికేస్తే పదిహేడు పడింది, నాణెం వాడికే మిగిలింది. ఇక కొత్త నాణెం మీద ఎవరి లిపి ఉండాలని నలభై నిమిషాల రభస. రెక్కలమ్మాయి వేషం కట్టిన ఇంజినీరింగ్ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. కత్తి ఎవరూ తియ్యలేదు, చివరికి ఏ లిపీ లేకుండా నాణేనికి చిల్లు పెట్టి వదిలేశాం.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఏసీ నీళ్లు కాగితాల మీద కారుతున్నాయి. వెళ్లేవాళ్లు గుహ వద్దు, సంతకి తీసుకెళ్లమని ముందే అడగండి, ఆ అబ్బాయి ఒప్పుకుంటాడు.

నాన్నని తీసుకెళ్లాలని ఉంది. మూడంతస్తులు, లిఫ్టు లేదు. కింద బల్ల వెయ్యగలరా అని కేఫ్ వాళ్లని అడిగాను. చూస్తామన్నారు.