కళ ఎందరికి చేరాలి: కొద్దిమందికా, అందరికీనా?

కళాకారుడు వీలైనంత మందిని చేరాలని చూడాలా, శ్రద్ధగా వినే, చూసే కొద్దిమంది చాలనుకోవాలా? రెండు దారుల్లోనూ చిత్తశుద్ధితో నడిచినవాళ్లున్నారు కాబట్టి తేల్చడం అంత సులువు కాదు.

కొద్దిమంది చాలనేవాళ్లకు గట్టి ఉదాహరణ స్వరకర్త ఆర్నల్డ్ షోన్‌బెర్గ్. 1918లో ఆయన వియన్నాలో కొత్త సంగీతం కోసం ఒక సంఘం పెట్టాడు. సభ్యులకే ప్రవేశం. ఏం వాయిస్తారో ముందుగా చెప్పరు. చప్పట్లు కొట్టకూడదు, పత్రికల విమర్శకులు రాకూడదు. పైకి ఇదంతా పొగరులా కనిపిస్తుంది. కానీ అక్కడ ప్రతి రచననూ గట్టిగా సాధన చేశాకే వాయించేవారు, ఒకే రచనను మళ్లీ మళ్లీ వినిపించేవారు. కొత్త సంగీతం ఒక్కసారికే చెవికెక్కదని ఆయనకు తెలుసు. హాలు నిండుతుందా లేదా అన్న టెన్షన్ నెత్తిమీద ఉంటే అంత ఓపిక పట్టడం ఎవరి తరం? ఇబ్బందల్లా డబ్బుతోనే. ఆస్ట్రియాలో ధరలు మండిపోవడంతో 1921లో ఆ కచేరీలు ఆగిపోయాయి.

రెండో దారి అమెరికన్ చిత్రకారుడు కీత్ హేరింగ్‌ది. 1980ల తొలి ఏళ్లలో న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ప్రకటనలు లేని బోర్డులకు నల్ల కాగితం అంటించి ఉండేది. దాని మీద తెల్ల సుద్దతో గబగబా గీసేవాడు: పాకుతున్న పసిపాప, మొరిగే కుక్క. పోలీసులు పట్టుకునేలోపు ముగించాలి, రైలెక్కబోయే మనిషికి ఒక్క చూపులో అందాలి. ఆ గీతలోని సూటిదనం ఆ తొందరలో పదునెక్కిందే. 1986లో టీషర్టులు, బ్యాడ్జీలు అమ్మే 'పాప్ షాప్' తెరిస్తే కళను సరుకు చేశాడని విమర్శించారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. గ్యాలరీలో వేలాడినా, చొక్కా మీదికెక్కినా గీత ఒకటే. మారింది కొనేవాడి స్తోమత మాత్రమే.

అందుకే నా మొగ్గు హేరింగ్ వైపు. కాకపోతే జనం ఉన్నచోటికి పనిని మోసుకెళ్లడం వేరు, జనానికి ఏం నచ్చుతుందో ఊహించుకుని పనిని కోసేసుకోవడం వేరు. వినేవాడు పాట మార్చేస్తాడన్న భయంతో, నెమ్మదిగా విచ్చుకోవాల్సిన ఆలాపనను కత్తిరించి పల్లవిని ముందుకు లాగితే వినేవాళ్లు పెరగొచ్చు. కానీ వాళ్లకు చేరింది మీరు చెప్పాలనుకున్న పాట కాదు. అలా నెమ్మదిగా విచ్చుకునే పాటే మీదైతే కొంతకాలం షోన్‌బెర్గ్ దారే మేలు, ఖర్చులకు వేరే ఆధారం చూసుకోగలిగితే.

అసలు ఎవరికీ చూపించకుండా దాచుకోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ దాదాపు 1,800 కవితలు రాస్తే, 1886లో ఆమె చనిపోయేనాటికి అచ్చయినవి పది, పన్నెండుకు మించవు. చెల్లెలు ఆ కవితల కట్టలు చూసి, అచ్చు వేయించాలని పట్టుబట్టింది కాబట్టే 1890లో తొలి సంపుటం వచ్చింది.