ఫ్యాక్ట్ చెకర్లా, కమ్యూనిటీ నోట్సా?

సోషల్ మీడియాలో రాజకీయ అబద్ధాన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పని తెలిసిన విలేకరుల చేత నిజనిర్ధారణ చేయించడం. ఫేస్‌బుక్ 2016 డిసెంబరులో మొదలుపెట్టింది ఇదే. రెండోది, వాడేవాళ్లే పోస్టు కింద వివరణ రాయడం. ట్విట్టర్ 2021లో 'బర్డ్‌వాచ్' పేరుతో తెచ్చిన ఈ పద్ధతే ఇప్పటి కమ్యూనిటీ నోట్స్.

ఎవరో కార్యకర్త పాత ఫొటో పెట్టి "నిన్నటి మా సభకు వచ్చిన జనం" అన్నాడనుకోండి. ఫ్యాక్ట్ చెకర్ ఆ ఫొటో మొదట ఎక్కడ వచ్చిందో వెతుకుతారు, తేదీ చూస్తారు, పార్టీవాళ్లకు ఫోన్ చేస్తారు. పని గట్టిదే. అది బయటికొచ్చేసరికి మాత్రం ఫొటో సగం లోకం తిరిగేసి ఉంటుంది.

నోట్స్‌లో తమాషా ఏమిటంటే, ఎక్కువ ఓట్లు పడితే చాలదు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించనివాళ్లు కూడా "ఉపయోగపడింది" అంటేనే నోట్ అందరికీ కనిపిస్తుంది. ఏకపక్షం తగ్గుతుంది, నిజమే. కానీ ఎన్నికల వేడిలో ఆ రెండు వర్గాలూ ఒప్పుకునేదెప్పుడు? చాలా నోట్స్ వెలుగు చూడవు. పైగా మంచి నోట్‌లో ఉండే లింకు చాలాసార్లు ఏ పత్రికదో, ఏ ఫ్యాక్ట్ చెకర్‌దో!

ఇక స్వతంత్రత. ఫేస్‌బుక్ పద్ధతిలో డబ్బిచ్చేదీ, నియమాలు పెట్టేదీ కంపెనీయే. నాయకులు స్వయంగా చెప్పిన మాటలకు అక్కడ మినహాయింపు ఉండేది. 2025 జనవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అమెరికాలో ఈ ఫ్యాక్ట్ చెకింగ్ ఏర్పాటునే ఆపేస్తున్నామంది.

నా ఓటు ఫ్యాక్ట్ చెకర్లకే, వాళ్ల జీతం ప్లాట్‌ఫాం జేబులోంచి రాకపోతే.