తొరూన్‌లో రెండు రోజులు: ఒక లెక్కల టీచరమ్మ కోసం

వార్సాలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, "క్రాకోవ్ చూపిస్తానమ్మా" అంది. నేను తొరూన్ తీసుకెళ్లమన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ రహస్య సైన్యం తరఫున జర్మన్లతో పోరాడిన ఎల్జ్‌బియేటా జవాట్స్కా 1909లో పుట్టిందీ, 2009 జనవరిలో కన్నుమూసిందీ ఆ ఊళ్లోనే. నూరేళ్లు నిండడానికి రెండు నెలలు మిగిలాయంతే. ఆమెదీ నాలాగే లెక్కల టీచర్ ఉద్యోగం.

ముందు వార్సాలో తిరుగుబాటు మ్యూజియం చూశాం. 1944లో ఊరి జనం జర్మన్ల మీద తిరగబడ్డ కథ చెప్పే మ్యూజియం అది. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి. పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి. లోపల లిబరేటర్ అనే బాంబర్ విమానం నమూనా అసలు సైజులోనే ఉంది. దాని కింద నిలబడి తలెత్తి చూశాక, 1943 సెప్టెంబరులో ఒక రాత్రి జవాట్స్కా పారాచూట్‌తో విమానంలోంచి దూకిన సంగతి ఆలోచిస్తే నాకు గుండె దడ వచ్చింది. బ్రిటన్ నుంచి అలా జర్మన్ల చేతిలో ఉన్న పోలండ్‌లో దిగిన 'చిహోచెమ్ని' దళంలో మొత్తం 316 మంది. ఆడమనిషి ఆమె ఒక్కతే.

అయితే నన్ను ఎక్కువగా కదిలించింది ఆ దూకడం కాదు. చిన్నప్పుడు ఇంట్లో జర్మన్ మాట్లాడేవారు కాబట్టి ఆ భాష ఆమెకు కొట్టినపిండి. దొంగ కాగితాలతో, రహస్య సమాచారంతో నూరుసార్లకు పైగా సరిహద్దులు దాటింది. 'జో' అన్నది మారుపేరు. విమానంలోంచి దూకడానికి ముందు, 1943లో జర్మనీ, ఫ్రాన్స్ మీదుగా పిరెనీస్ కొండలు దాటి, స్పెయిన్, జిబ్రాల్టర్ గుండా లండన్ చేరింది. అక్కడున్న పోలండ్ సైనిక పెద్దల ముందు కూర్చుని, రహస్య సైన్యంలో ఆడవాళ్లకూ సైనికుల హక్కులు ఉండాలని వాదించింది. క్లాసులో పిల్లలకు ఓపిగ్గా ఒక్కో మెట్టూ చెప్పినట్టే చెప్పి ఉంటుందని నాకనిపిస్తుంది.

వార్సా నుంచి తొరూన్‌కి రైల్లో మూడు గంటల లోపే. రైలు నది దాటి వెళ్లేదైతే మెయిన్ స్టేషన్‌లో దిగకండి. అది విస్తులా నదికి అవతలి ఒడ్డున ఉంది. తొరూన్ మియాస్తోలో దిగితే పాత ఊరికి నడిచిపోవచ్చు. మేం తెలియక ముందే దిగి, సామానుతో అవస్థపడ్డాం. బస కూడా అంత బాగాలేదు. పాత భవనంలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆ మాట బుకింగ్‌లో చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి. గది మాత్రం శుభ్రంగా ఉంది.

తిండికి టెన్షన్ పడక్కర్లేదు. 'బార్ మ్లెచ్నీ' అనే చవక హోటళ్లలో బంగాళదుంప, చీజ్ కూరిన పియెరోగి దొరుకుతుంది. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే, కాకపోతే ఉడకబెట్టింది. రుస్కీ అని అడిగి, పైన మాంసం ముక్కలు వేయొద్దని చెప్పండి. చాలా ఆదివారాల్లో పెద్ద షాపులు మూసేస్తారు, శనివారమే కొనుక్కోండి. ఈ ఊరి అల్లం బిస్కెట్లకు పెద్ద పేరు. కోపర్నికస్ పుట్టిందీ ఇక్కడే కాబట్టి జనమంతా ఆ ఇంటికే వెళ్తారు.

మేం పోద్‌ముర్నా వీధికి వెళ్లాం. జవాట్స్కా పేరు మీద నడిచే ఫౌండేషన్ అక్కడుంది. మ్యూజియంలా టిక్కెట్టు కొని తిరిగే చోటు కాదు, ముందుగా మాట్లాడి వెళ్లాలి. 1951లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఆమెను అరెస్టు చేసింది. 1955లో విడుదలై మళ్లీ పిల్లలకు పాఠాలు చెప్పింది, డాక్టరేట్ చేసింది, యూనివర్సిటీలో బోధించింది. 2006లో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు, అప్పటికి ఆమెకు 97 ఏళ్లు.

విస్తులా మీద 2013లో కట్టిన రెండు కమానుల వంతెనకు ఆమె పేరే పెట్టారు. సాయంత్రం అక్కడికీ వెళ్లాం. ఫొటోలకు చాలా బాగుంది. కానీ ఒక్కటే చూసే టైముంటే నేను పోద్‌ముర్నా వీధికే వెళ్లమంటాను. యుద్ధంలో పనిచేసిన తోటి ఆడవాళ్ల వివరాలను ఆమె ముసలితనమంతా సేకరిస్తూనే ఉంది. ఒక్కొక్కరికీ ఒక ఫైలు. ఆ పేర్లన్నీ ఇప్పటికీ ఆ ఇంట్లోనే భద్రంగా ఉన్నాయి.