పాత మియాటా కొనడానికి వెళ్ళేవారు ఒక నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి

1997 నాటి మాజ్దా మియాటా అనే రెండు సీట్ల ఓపెన్ కారును అట్లాంటా శివార్లలో ఉండే ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర 8,200 డాలర్లకు కొన్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ డబ్బుకు నడిపేవారికి ఇంత ఆనందం ఇచ్చే కారు మరొకటి నాకు తెలియదు. అయితే ఈ మెప్పు బాడీ గట్టిగా ఉన్న మియాటాకే. ఇంజన్ పాడైతే బాగు చేయించుకోవచ్చు. తుప్పు లోపలికి పాకిన బాడీని సరిచేయించబోతే ఆ ఖర్చు కారు ధరనే మించిపోతుంది.

ఈ కారును 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. అప్పటికి లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ రెండు సీట్ల ఓపెన్ కార్లు దాదాపు కనుమరుగయ్యాయి. వాటిలోని హుషారును ఉంచుకుని, నూనె కారడం, దారిలో మొరాయించడం వదిలించుకుంటే ఎలా ఉంటుందో మియాటా అలా ఉంటుంది. అమెరికాలో అమ్మిన తొలి 1.6 లీటర్ల ఇంజన్ శక్తి 116 హార్స్‌పవర్. 1994లో 1.8 లీటర్ల ఇంజన్ వచ్చింది. నా కారుది 133. ఈ అంకెలు చూసి పెదవి విరవకండి. కారు బరువు వెయ్యి కిలోలకు కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడి రోడ్ల మీద తిరిగే పెద్ద ఎస్‌యూవీలు దీనికి రెట్టింపు తూగుతాయి.

నేను మొదట చూసింది ఒక డీలరు దగ్గరున్న ఎర్ర కారు. తక్కువ మైళ్ళు, అద్దంలా మెరిసే రంగు, కొత్త సీటు తొడుగులు. మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూస్తే అడుగుభాగమంతా తాజా నల్ల రంగు. తలుపు కింద వెనక చక్రానికి ముందుండే భాగానికి అయస్కాంతం ఆనించాను, నిలవలేదు. అంటే అక్కడ ఇనుము లేదు, పుట్టీ నింపి రంగు వేశారు. పత్రాలు చూస్తే చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రం నుంచి వచ్చిన కారు. "పాత కార్లకు ఇదంతా మామూలే" అన్నాడు అమ్మే మనిషి. మామూలు కాదు. ఉప్పు చల్లని దక్షిణాది రాష్ట్రాల్లో ముప్పై ఏళ్ళు దాటినా చెక్కుచెదరని మియాటాలు దొరుకుతున్నాయి.

ఉప్పు తగలని కారును కూడా తుప్పు లోపలి నుంచి తినగలదు, నీళ్ళ సీసా అందుకే. గుడ్డ పైకప్పు మీద పడిన వాన సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోకి జారి, గొట్టాల గుండా వెనక చక్రాల ముందు నేల మీద పడాలి. ఏళ్ళ తరబడి ఆకులూ దుమ్మూ చేరి ఆ రంధ్రాలు పూడిపోతే నీరు తలుపు కింది పెట్టెభాగంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. యజమాని అనుమతి తీసుకుని ఒక్కో రంధ్రంలో కొద్దిగా నీళ్ళు పోసి, వంగి చూడండి. ధార వెంటనే కిందపడితే మంచిది. రాకపోతే సీట్ల వెనక తివాచీని అరచేత్తో నొక్కండి, తడి తెలుస్తుంది. ట్రంకులో బ్యాటరీ ఉండే మూలను కూడా చూడాలి. ఈ కారుకు వాయువు బయటికి పోయే గొట్టం ఉన్న ప్రత్యేక బ్యాటరీ కావాలి. చవకగా వస్తుందని మామూలుది పెడితే ఆమ్లం చుట్టుపక్కల రేకును తినేస్తుంది.

నేను కొన్న కారులో రెండు వైపులా నీళ్ళు జలజలా కిందికి వచ్చాయి. మీటరు 1,18,000 మైళ్ళు చూపించింది, నేను లెక్కచేయలేదు. ఆ పెద్దాయన ప్రతి మరమ్మతు రసీదునూ తేదీల వరసలో ఫైలు చేసి ఉంచారు. ప్రతి 60,000 మైళ్ళకు మార్చాల్సిన టైమింగ్ బెల్టు, దాంతోపాటే నీటి పంపు, రెండుసార్లు మార్చినట్టు అందులో ఉంది. చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే టిక్ టిక్ అనే చప్పుడు వచ్చింది. వాల్వులను నడిపే హైడ్రాలిక్ లిఫ్టర్లది అది. వేడెక్కాక ఆగిపోతే దిగులు అక్కర్లేదు, చాలాసార్లు కొత్త ఆయిలుతోనే తగ్గుతుంది. క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోతే మాత్రం, పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు అందించే స్లేవ్ సిలిండర్ లీకవుతోందేమో చూడండి. ఈ కార్లలో తరచూ పోయేది అదే, ఖరీదు తక్కువే. 1990, 91 మోడళ్ళ తొలి కార్లలో క్రాంక్‌షాఫ్ట్, అంటే ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, ముందు కొన దగ్గర బలహీనత ఉంది. మెకానిక్ చూసి ఒప్పుకుంటే తప్ప వాటి జోలికి వెళ్ళకండి.

ఇక నడపడం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఏలూరులో నాన్నగారి మారుతి 800 మీద. స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో చేతికి తెలియడం అనే సుఖం ఆ తర్వాత అమెరికాలో నడిపిన ఏ కారులోనూ దొరకలేదు. ఇందులో దొరికింది. ఉత్తర జార్జియాలోని సూచెస్ ఊరి నుంచి ఉల్ఫ్ పెన్ గ్యాప్ మీదుగా కొండ ఎక్కే 180వ నంబరు రోడ్డులో, గంటకు నలభై మైళ్ళు కూడా దాటకుండా, రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య మణికట్టు కదిపితే చాలు. గేర్‌బాక్సునూ, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ ఒక అల్యూమినియం దూలంతో బిగించారు. అందుకే యాక్సిలరేటర్ మీద పాదం కదిలిన ఆ క్షణమే కారు స్పందిస్తుంది. చట్టం మీరకుండానే ఒళ్ళంతా మేలుకుంటుంది!

హైవే మీద కథ వేరు. అయిదు గేర్లే. డెబ్బై మైళ్ళ వేగంలో ఇంజన్ నిమిషానికి మూడున్నర వేల చుట్లు దాటి హోరెత్తుతుంది, పక్కనున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాలి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ నా కారుకు లేదు. రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నా, పెద్ద పికప్ ట్రక్కుల మధ్య ఇది ఎంత చిన్నదో ఒక్క క్షణం కూడా మరవను, రాత్రిళ్ళు వానలో బయటికి తీయను. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఎదురెళ్ళడానికి దీన్ని లెక్కలోకి తీసుకోకండి. 23 కిలోల సూట్‌కేసు ఒక్కటి కూడా ట్రంకులో పట్టదు. ఇంట్లో ఇంకో కారు ఉన్నవారికే ఇది.

పత్రాల పని తేలిక. అట్లాంటా కౌంటీల్లో 25 ఏళ్ళు దాటిన కార్లకు పొగ పరీక్ష లేదు. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ ముద్ర, అంటే ఒకప్పుడు బాగా దెబ్బతిన్న కారనే గుర్తు, లేదని చూసుకుని, నంబరు ప్లేట్లిచ్చే ట్యాగ్ కార్యాలయంలో పన్ను కడితే సరిపోతుంది.

పైకి లేచే హెడ్‌లైట్ల మీద పట్టుదల లేనివారు 1999 మోడల్‌తో మొదలైన రెండో తరం కారు చూడండి. వెనక గాజు అద్దం ఉంటుంది. నా కారుకు ఉన్న ప్లాస్టిక్ కిటికీ అప్పుడే పసుపెక్కుతోంది, ఈ ఏడాది పైకప్పుతో సహా మార్చాలి. మొదటి తరం కారులో స్టీరింగ్ ఎత్తు మార్చే వీలు లేదు. ఆరడుగులు దాటినవారు పైకప్పు మూసి, క్లచ్ పూర్తిగా తొక్కి, మోకాలు తగలడం లేదని తేల్చుకున్నాకే బేరం మొదలుపెట్టండి.